కీలాయిడ్‌ను కోసేస్తే మళ్ళీ ఎందుకు వస్తుంది?

"ఆ ముద్ద కోయించేసుకోవచ్చు కదా, పది నిమిషాల పని!" మా అక్కతో ఈ మాట అనని చుట్టం లేరు. కీలాయిడ్ అంటే గాయం మానిన చోట ముద్దలా పెరిగే మచ్చ. మా ఛానెల్ కింద కూడా దాని గురించి అడిగేవాళ్ళలో సగం మంది ఇదే అడుగుతారు, అందుకే ఈ వీడియో.

అక్క బెంగళూరు మారతహళ్ళిలో ఉంటుంది. సెకండ్ స్టడ్ కోసం చెవి కుట్టించుకున్నాక తమ్మె మీద శనగగింజంత ముద్ద వచ్చింది. ఒక క్లినిక్‌లో కోసి కుట్లు వేశారు, వారానికి కుట్లు విప్పి ఇక రానక్కర్లేదన్నారు. ఏడు నెలలు తిరిగేసరికి అదే చోట ఉసిరికాయంత అయింది, రాత్రిళ్ళు దురదతో నిద్ర లేదు. ఇక రానక్కర్లేదన్న ఆ మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

బెంగళూరులో థర్టీ ఫార్టీ సైటు, అంటే ముప్ఫై బై నలభై అడుగుల స్థలం, కొన్నవాళ్ళకి ఇది చెప్పడం సులువు. గాయాన్ని కూలిన ప్రహరీ గోడ అనుకోండి. దాన్ని కట్టే మేస్త్రీలు ఫైబ్రోబ్లాస్ట్ కణాలు, ఇటుకలు కొల్లాజెన్ అనే ప్రొటీన్. మామూలుగా గోడ లేవగానే మేస్త్రీ తాపీ కడుక్కుని వెళ్ళిపోతాడు. కొందరిలో ఎత్తు కాస్త ఎక్కువ కడతాడు, కానీ మన సైటులోనే. దాన్ని హైపర్‌ట్రోఫిక్ స్కార్ అంటారు, చాలాసార్లు కాలం గడిచేకొద్దీ అణుగుతుంది. కీలాయిడ్‌లో మాత్రం మేస్త్రీ హద్దురాయి దాటి పక్కవాళ్ళ సైటులోకి, అంటే గాయమే తగలని మంచి చర్మంలోకి, కట్టుకుంటూ పోతాడు. గ్రీకులో పీత డెక్కను సూచించే మాట నుంచి ఈ పేరు పుట్టింది, 19వ శతాబ్దం మొదట్లో ఆలిబెర్ అనే ఫ్రెంచ్ చర్మవైద్యుడు పెట్టాడు. ఛాతీ మీద అది పక్కలకి పాకే తీరు చూస్తే ఎందుకా పేరో అర్థమవుతుంది. ఇది క్యాన్సర్ కాదండి, ఆ భయం వద్దు.

ఇప్పుడు కోశారనుకోండి. గోడ పడగొట్టారు, కానీ మేస్త్రీ అక్కడే ఉన్నాడు, పైగా అతనికి కొత్తగా కూలిన గోడ ఒకటి అప్పజెప్పారు! ఒట్టి ఆపరేషన్ ఒక్కటే చేస్తే 45 నుంచి 100 శాతం దాకా తిరిగి వస్తుందని వైద్య సాహిత్యంలో ఉంది. అంటే సర్జరీ పనికిరాదని కాదు, ఒంటరిగా పనికిరాదని.

మరి మంచి సర్జన్ ఏం చేస్తారు? మొదట చూసేది లాగుడు. ఛాతీ మధ్యలో, భుజాల మీద చర్మం ఎప్పుడూ లాగబడుతూనే ఉంటుంది, గోడ ఊగుతున్నంతసేపూ మేస్త్రీ ఇంకో వరస పేరుస్తూనే ఉంటాడు. కనురెప్ప మీద లాగుడు దాదాపు ఉండదు, అక్కడ కీలాయిడ్ చాలా అరుదు. అందుకే లోపలి పొరల్లో గట్టిగా కుట్లు వేసి బరువంతా అక్కడే ఆపి, పైచర్మం అంచులు వాటంతట అవే కలిసేలా చూస్తారు. అవసరమైతే తిన్నని గీతను జెడ్ ఆకారంలోకి మారుస్తారు, జెడ్ ప్లాస్టీ అంటారు, అప్పుడు లాగుడు ఒకే వైపు పడదు. చెవి దగ్గర ఇంకో పద్ధతి కూడా ఉంది: లోపలి ముద్దను తొలిచి తీసేసి, దాని మీది పలుచని చర్మంతోనే మూస్తారు. పక్క చర్మాన్ని లాక్కొచ్చి కుట్టాల్సిన పని ఉండదు. నాకైతే ఇది చాలా తెలివైన పనిగా అనిపిస్తుంది.

తర్వాత మేస్త్రీ సంగతి. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కోసిన చోటే ఇస్తారు, సాధారణంగా 4 నుంచి 6 వారాలకు ఒకటి చొప్పున కొన్ని నెలలు. ఇది మేస్త్రీకి కూలీలను తగ్గించడం లాంటిది. చర్మం పలచబడొచ్చు, రంగు తగ్గొచ్చు, ముందే అడిగి తెలుసుకోండి. మొండి కీలాయిడ్ అయితే ఆపరేషన్ అయిన 24 నుంచి 48 గంటల్లోపే తక్కువ మోతాదు రేడియేషన్ మొదలుపెడతారు, మేస్త్రీ తాపీ పట్టకముందే అన్నమాట. ఆలస్యం చేస్తే ఆ లాభం తగ్గుతుంది. పిల్లలకి, గర్భిణులకి ఇది వద్దంటారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. చెవికైతే ప్రెషర్ క్లిప్పు, రోజులో ఎక్కువ గంటలు, నెలల తరబడి. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికోన్ షీటు, రోజుకి కనీసం 12 గంటలు. ముద్ద చిన్నదైతే కత్తి లేకుండా ఇంజెక్షన్లతో, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే క్రయోథెరపీతో కూడా లొంగొచ్చు.

ఇంట్లో అమ్మకో తోబుట్టువుకో కీలాయిడ్ ఉంటే అదనపు చెవిపోగులు, టాటూలు వద్దనే నేను చెప్తాను. సిజేరియన్‌కో ఇంకే ఆపరేషన్‌కో వెళ్తుంటే మీకు కీలాయిడ్ వస్తుందని సర్జన్‌కి ముందే చెప్పండి, అడిగేదాకా ఆగకండి.

అక్కకి రెండోసారి ఆపరేషన్‌తో పాటు ఇంజెక్షన్లు, క్లిప్పు అన్నీ చేశారు. పద్నాలుగు నెలలైంది, తమ్మె మెత్తగానే ఉంది. కనీసం రెండేళ్ళు చూస్తూ ఉండాలన్నారు, వచ్చే నెల మళ్ళీ చూపించుకోవాలి.