నెలాఖరుకు చాలని మాత్రలు

వ్యాఖ్యాత: నమస్కారం. బీపీ, షుగర్ ఒకసారి వస్తే ఇక వదలవు. రాబడి అంతంతమాత్రంగా ఉండే ఇళ్లలో వాటిని ఎలా నెట్టుకొస్తున్నారన్నది ఈ రోజు చర్చ. మనతో ఒక డాక్టర్ గారు, ఇంటింటికీ తిరిగే ఒక ఆరోగ్య కార్యకర్త ఉన్నారు. ఇళ్లలో పనిచేసుకునే ఒక అమ్మ కూడా వచ్చారు. ఆమెకు ఈ రెండు జబ్బులూ ఉన్నాయి, పేరు చెప్పొద్దన్నారు. మీతోనే మొదలుపెడదామమ్మా. మందులు రోజూ వేసుకుంటున్నారా?

పేషెంట్: డాక్టరమ్మను పక్కన కూర్చోబెట్టి అడిగితే ఏం చెప్పాలండీ! (నవ్వు) నెల మొదట్లో రోజూ వేసుకుంటాను. ఇరవయ్యో తేదీ దాటాక బీపీ బిళ్ల రోజు విడిచి రోజు. అప్పుడే నెలాఖరు దాకా వస్తాయి.

వ్యాఖ్యాత: వేసుకోని రోజు తేడా ఏమైనా తెలుస్తుందా?

పేషెంట్: ఏమీ తెలీదు. తలనొప్పో, కళ్లు తిరగడమో ఉంటే భయపడి వేసుకుందును.

డాక్టర్: అక్కడే వస్తుంది చిక్కు. చాలామందికి బీపీ పెరిగినట్టే తెలీదు. తెలిసేసరికి గుండెకో, మెదడుకో, కిడ్నీలకో దెబ్బ తగిలి ఉంటుంది.

వ్యాఖ్యాత: అయితే ఇది అవగాహన లేకపోవడమే కదా?

ఆరోగ్య కార్యకర్త: కాదండీ. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. అక్కకు అన్నీ తెలుసు. మందుల కోసం వెళ్తే లైన్లో సగం రోజు పోతుంది, ఆ రోజు కూలీ పోతుంది. మందు ఉచితంగా ఇచ్చినా ఆ కూలీ ఎవరిస్తారు?

డాక్టర్: ఆమె అన్నది నిజమే. సంపన్న దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో సగటున సగం మందే మందులు సరిగ్గా వాడుతున్నారని 2003లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పేద దేశాల్లో ఇంకా తక్కువ. కాబట్టి పేదవాళ్లది నిర్లక్ష్యం అనడానికి లేదు. మా వైపు తప్పు కూడా చెప్పాలి. బీపీ 160 కనిపించగానే మందు పనిచేయడం లేదనుకుని ఇంకోటి కలుపుతాం. మాత్రలు ఎన్ని మిగిలాయని అడగం. ఖర్చు పెరుగుతుంది, ఆమె ఇంకా ఎక్కువ రోజులు మానేస్తుంది. ఏదో పండక్కి కొడుకు వచ్చి అన్నీ దగ్గరుండి మింగించాడనుకోండి, బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి.

పేషెంట్: నాకు అలాగే అయింది! మందు పడలేదనుకున్నాను.

ఆరోగ్య కార్యకర్త: నేను ఇంటికి వెళ్తే ముందు డబ్బా తెమ్మంటాను. "వేసుకుంటున్నావా" అంటే అందరూ ఔననే అంటారు. "ఈ వారం ఎన్ని తప్పాయి" అంటే తప్పినవి చెప్తారు.

వ్యాఖ్యాత: షుగర్ మాత్రలు కూడా ఇలాగే పొదుపు చేస్తారా?

పేషెంట్: పొదుపు కాదు. ఒక్కో రోజు పొద్దున తినడానికి వీలవదు. ఆ మాత్ర వేసుకుంటే వణుకు, చెమటలు. అందుకే మానేస్తాను.

డాక్టర్: ఆమె చేసింది తెలివైన పనే. గ్లిమెపిరైడ్ లాంటి మందు వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే ఆ ప్రమాదం బాగా తక్కువ. వేళకు తిండి దొరకదని మాకు చెబితే మందు మార్చొచ్చు. ఇన్సులిన్ సంగతి వేరు. టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం, ఉన్నవాళ్లు తినకపోయినా దాన్ని పూర్తిగా ఆపకూడదు, ప్రాణం మీదికి వస్తుంది.

వ్యాఖ్యాత: ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ ఎలా దాస్తారు?

డాక్టర్: గడ్డకట్టనివ్వకూడదు, ఎండ తగలనివ్వకూడదు. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ చాలాచోట్ల పనికొస్తోంది. 25, 37 డిగ్రీల మధ్య వేడి మారుతున్నా నాలుగు వారాల దాకా ఇన్సులిన్ పనిచేస్తుందని డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సేవా సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి చేసిన పరీక్షల్లో తేలింది. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోతోంది. ఒక్కటే మార్చగలిగితే ఏం మారుస్తారు?

డాక్టర్: బిళ్లల సంఖ్య. రెండు బీపీ మందులు కలిపిన ఒకే బిళ్లను 2019లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. చాలామందికి రోజుకొకటి సరిపోతుంది.

పేషెంట్: ఒకటైనా రెండైనా నెలనెలా రావాలిగా మేడమ్. మూడు నెలలకు ఒకేసారి ఇవ్వకూడదా?

డాక్టర్: బీపీ నిలకడగా ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చమ్మా. మధ్యలో ఈమె ఇంటికొచ్చి బీపీ చూసి, ఎక్కువుంటే మా దగ్గరికి పంపుతుంది.

ఆరోగ్య కార్యకర్త: నేను చూస్తాను మేడమ్. కానీ మూడు నెలలకని చీటీలో రాసివ్వండి. నోటిమాట చెబితే కౌంటర్ దగ్గర ఇవ్వరు.