పాత బండిని లారీ ఎక్కించే ముందు

అందరికీ నమస్తే. హన్మకొండలో ఇన్ని పాత బండ్లు ఒక్కచోట చూసి చాలా రోజులైంది. బయట ఆ నల్ల ఫియట్ ఎవరిదో గానీ, చెయ్యి వేయాలన్నా భయమేసేంత మెరుస్తోంది. నేను మెకానిక్‌ని కాదు, పాత బండిని లారీలో కట్టి తేవడంలో ఒకసారి దెబ్బతిని నేర్చుకున్నవాణ్ని.

మా అంబాసిడర్‌ని నాగపూర్‌లో కొన్నాను. ఆదిలాబాద్, నిర్మల్, ఆర్మూర్, జగిత్యాల, కరీంనగర్ మీదుగా ఇంటికి తేవాలి. డీసీఎం, అదే చిన్న లారీ, మాట్లాడితే పద్నాలుగు అడుగుల బాడీది వచ్చింది. అంబాసిడర్ పొడవే పద్నాలుగు అడుగుల పైన, వెనక డోర్ పడదు. తెరిచే పోదామన్నాడు డ్రైవర్. వద్దని పదిహేడు అడుగులది తెప్పించేసరికి చీకటి పడింది, ఇక హడావుడిగా కట్టడం మొదలైంది.

ఎక్కించడం మాత్రం బాగా ఎక్కించారు. లారీని మట్టిగడ్డకు వెనక్కి ఆనించి, పలకలు వేసి, మెల్లగా తోసుకుంటూ పోయారు. నిటారు ర్యాంపు మీద అయితే సైలెన్సర్ కచ్చితంగా తగిలేది.

తర్వాత నైలాన్ తాళ్లు తీసి బంపర్‌కి రెండు, చాసిస్‌కి, అంటే కింది ఇనుప చట్రానికి, రెండు కట్టి, బండి కిందికి అణిగేదాకా లాగారు. "కదలదు సార్" అని డ్రైవర్ ఊపి చూపించాడు. నిజమే, అప్పుడు కదల్లేదు. నిర్మల్ ఘాట్ దిగి టీ కోసం ఆగి చూస్తే ముందు తాడు వేలాడుతోంది, బండి జానెడు ముందుకొచ్చి బంపర్ వంగి, హెడ్‌లైట్ రింగ్ లారీ బాడీకి ఆనుకుని ఉంది. ఆ టీ నేను తాగలేదు.

జరిగిందేమిటంటే, తాడు కారు బాడీకి కడితే గుంత వచ్చినప్పుడల్లా దాని కమాన్లు, అంటే స్ప్రింగులు, ఇంకా అణుగుతాయి, ఆ క్షణం తాడు వదులవుతుంది, మళ్లీ బండి పైకి లేవగానే ఫట్‌మని లాగుతుంది, ఇలా కొన్ని వందల సార్లు జరిగితే ఏ ముడి ఆగుతుంది చెప్పండి? అదే టైర్ల మీదుగా రాట్చెట్ బెల్టు, అంటే పిడి ఆడించి బిగించే పట్టీ, వేసి బిగిస్తే చక్రం లారీకి అతుక్కుని ఉంటుంది, పైన బాడీ రోడ్డు మీద ఊగినట్టే తన కమాన్ల మీద తాను ఊగుతుంది. నాలుగు చక్రాలకు నాలుగు బెల్టులు, ముందువి ముందుకు, వెనకవి వెనక్కి లాగేలా. బెల్టుకి ఒక మెలిక వేయండి, గాలికి కొట్టుకోదు. తెగిన బెల్టుని ముడేసి వాడొద్దు. వెనక యాక్సిల్‌కి, అంటే ఇరుసుకి, గొలుసు చుడతారు కొందరు, ఆ యాక్సిల్ వెంటే సన్నటి బ్రేక్ పైపు పోతుంది, నలిగిపోతుంది.

బయల్దేరిన ఇరవై కిలోమీటర్లకే ఆగి మళ్లీ బిగించండి. బెల్టులు సర్దుకునేది అప్పుడే.

తాడు కట్టి రోడ్డు మీద లాక్కుపోదామనే వాళ్లకు ఒక మాట. అంబాసిడర్, పాత ఫియట్ రెండింట్లోనూ ఇంజన్ తిప్పేది వెనక చక్రాలనే. ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో లాగితే గేర్‌బాక్స్‌లో వెనక షాఫ్ట్ తిరుగుతుంది గానీ, ఆయిల్ పైకి చిమ్మే పళ్లు తిరగవు. దూరం పోతే బేరింగులు ఎండి పట్టేస్తాయి. తప్పదంటే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పండి. నేనైతే పక్క వీధి దాకా తప్ప లాగను.

ట్రైలర్ వాడేవాళ్లు బరువు దాని యాక్సిల్‌కి కొంచెం ముందువైపు పడేలా నిలపండి. వెనకబరువైతే స్పీడులో పాములా ఊగుతుంది, అప్పుడు బ్రేక్ తొక్కితే ఇంకా ఘోరం.

బ్యాటరీ వైరు తీసేయండి, పెట్రోలు కొంచెమే ఉంచండి. టార్పాలిన్ కప్పొద్దు, వదులుగా కొట్టుకుని పెయింటు గీకేస్తుంది. ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే లారీ మీద బండికేమైనా పైసా రాదు.

నాలుగు బెల్టులు తెచ్చాను. టీ అయ్యాక బయటికి రండి, ఆ ఫియట్ ఆయన ఒప్పుకుంటే దాని చక్రానికే కట్టి చూపిస్తా.