‘ఏం లేదులే’ అన్నచోట

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం పూట విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో, గుంటూరు బ్రాడీపేటలోనో కాసేపు నిలబడండి. ఒకే రంగు యూనిఫాం, మెడలో ఒకేలాంటి ట్యాగు, గుంపులు గుంపులుగా ఇంటర్ పిల్లలు. ఆ గుంపుని ‘ఇంటర్ కుర్రాళ్ళు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం తేలిక. మన కథల్లోనూ చాలావరకూ అదే జరుగుతోంది. పేరు మారుతుంది, పిల్లాడు మారడు. ఆ గుంపులోంచి ఒక్కణ్ణి విడదీసి, వాడి లోపల నడిచేది కాగితం మీదకి ఎలా తేవాలో ఈ పూట మాట్లాడుకుందాం.

హాస్టల్ నుంచి ఆదివారం ఫోను. వెనకాల క్యూ, పక్కనే వార్డెను, మహా అయితే 5 నిమిషాలు.

“తిన్నావా?” “తిన్నా.” “ఏం కూర?” “ఏదోలే.” “టెస్టులో ఎంతొచ్చింది?” “ఇంకా ఇవ్వలేదు.” “గొంతు అదోలా ఉందేంట్రా?” “ఏం లేదులే అమ్మా.”

కొత్తగా రాసేవాళ్ళు సరిగ్గా ఇక్కడ, “అతని హృదయంలో చెప్పలేని ఒంటరితనం సుడులు తిరిగింది” అని ఓ వాక్యం వేస్తారు. కథ అక్కడే చెడుతుంది. ఆ బాధకి పేరేమిటో 16 ఏళ్ళవాడికి తెలీదు. తెలిసింది నలభై దాటిన రచయితకి.

ఇలా చేసి చూడండి. కాగితాన్ని నిలువుగా మడవండి. ఎడమవైపు పైకి అన్న మాటలు, కుడివైపు వాటికెదురుగా మింగేసిన మాటలు. ‘ఇంకా ఇవ్వలేదు’ పక్కన: మార్కులు ఇచ్చారు, సెక్షను మార్చారు, గది మారింది, కొత్త మంచం కిటికీకి దూరం. ఇప్పుడు కుడివైపు ఉన్నవాటిలో ఒక్కటి ఉంచి మిగతావి కొట్టేయండి. ఉంచేది కూడా కంటికి కనిపించేదై ఉండాలి. మంచం, కిటికీ. సెక్షను సంగతి పాఠకుడికి రెండు పేజీల తర్వాత తెలిసినా నష్టం లేదు. కొట్టేసేదానికి రాయడమెందుకంటారా? తెలిసి దాచిందేదో, తెలీక వదిలేసిందేదో చదివేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

మన భాషలో ‘మన’, ‘మా’, ‘మీ’ ఉన్నాయి చూశారూ, వాటిని మనవాళ్ళు సరిగ్గా వాడుకోవడం లేదు. జూన్‌లో హాస్టల్లో చేరేటప్పుడు “మనింటికి మళ్ళీ ఎప్పుడు?” అని అడిగిన పిల్ల, సంక్రాంతికొచ్చి “మీ ఇంట్లో ఫ్యాను స్పీడెక్కువ” అంటుంది. అట్టు తిరగేస్తున్న తల్లి చెయ్యి ఓ క్షణం ఆగుతుంది. ఇంక వివరించకండి.

‘నేను’ అని ఉత్తమ పురుషలో రాస్తే చిక్కు ఇంకోటి. ఆ ‘నేను’ అన్నీ ఎరిగినవాడైపోతాడు. పిల్లాడు ఏదో ఒక విషయంలో పొరబడుతూ ఉండాలి. “నాన్న ఈమధ్య బస్సుల్లోనే తిరుగుతున్నాడు, పిసినారితనం మరీ ఎక్కువైంది” అని రాస్తాడు. ఫీజు కోసం బండి అమ్మేశాడని పాఠకుడికి తడుతుంది, కుర్రాడికి తట్టదు.

ప్రథమ పురుషలో, అంటే ‘వాడు’, ‘ఆ పిల్ల’ అంటూ రాసేవాళ్ళు ‘అనుకుంది’ని తీసి చూడండి. “మళ్ళీ అదే సాంబారా, ఎవరు తింటారు అనుకుంది” అంటే చెబుతున్నది రచయిత. “మెట్ల మీద కూర్చుంది. మళ్ళీ అదే సాంబారు. ఎవరు తింటారు?” అంటే గొంతు ఆ పిల్లది. అలాగే, ఆ పిల్ల వైపునుంచి రాస్తూ ‘వాళ్ళమ్మ’ అనకండి, ‘అమ్మ’ అనండి. పదిహేనేళ్ళ పిల్లని ‘ఆమె’ అంటే మాత్రం ఒక్కసారిగా పెళ్ళీడు కూతురి తల్లయి కూర్చుంటుంది.

1969లో వచ్చిన నవీన్ నవల ‘అంపశయ్య’, యూనివర్సిటీ హాస్టల్ కుర్రాడి మనసులో ఒక్కరోజు నడిచిందాన్ని చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే ఆలోచనలు వచ్చింది వచ్చినట్టే, చెప్పింది. ఆ పద్ధతంటే వాక్యానికో మూడు చుక్కలు పెట్టడమని కొందరి నమ్మకం. చుక్కలు కావు, ఒక ఆలోచన ఇంకోదాన్ని లాక్కొచ్చే కొక్కెం ముఖ్యం. సాంబారు వాసన, దాంట్లోంచి మేనమామ పెళ్ళి, పెళ్ళిలో తనని ‘నల్లపిల్ల’ అన్న పెద్దావిడ. కొక్కెం లేకపోతే అది కలవరింతే.

కుర్రకారు ఊతపదాల జోలికి ఎక్కువ పోవద్దు. నిరుటి ఊతపదం ఈ ఏడు పిల్లలకే మొహం మొత్తుతుంది. దిండుకింద దొరికే డైరీ కూడా వద్దు. వార్డెను ఎప్పుడైనా తీసి చదవొచ్చని తెలిసిన పిల్ల డైరీలోనూ అబద్ధమే రాస్తుంది.

దానికన్నా రఫ్ నోట్సు చివరి పేజీ నయం. అక్కడ ఐదేసి గీతల కట్టలు, సెలవులకి మిగిలిన రోజులు. ఇంటిపేరు తీసేసి పదిసార్లు చేసిన సంతకం. కింద మూలన, రాత్రి 10:20కి విజయవాడ నెహ్రూ బస్టాండులో బయల్దేరే ఏదో బస్సు టైము, దాన్ని చుడుతూ పెన్నుతో సున్నా. సొంతూరు మీదుగా పోయే బస్సు కాదది. ఎక్కడికో మీకు తెలిసి ఉండాలి. కథలో మాత్రం, లెక్కల సార్ ఆ పేజీ తిప్పి చూసి, ఏమీ అనకుండా మూసి ఇచ్చేస్తాడు.