పడవ లేని వేట

(నవంబరు 21న నడక మిత్రుల ఉదయపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకి, వేదిక మీద కుర్చీలు చాలక కింద కూర్చున్న అంతకంటే పెద్దలకి, రోజూ ఈ పార్కులో ఏడు రౌండ్లు కొట్టి ఎనిమిదని చెప్పే మిత్రులకి నమస్కారం. కార్యదర్శిగారు నాకు పది నిమిషాలిచ్చారు. విషయం కూడా వారే ఇచ్చారు. "రిటైరయ్యాక ఆరోగ్యకరమైన కాలక్షేపాలు". ముప్ఫయ్యొక్కేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, నలభై అయిదు నిమిషాల పీరియడుకి అలవాటుపడ్డ నోరు. ఉప్మా చల్లారితే నన్ను క్షమించండి.

నా కాలక్షేపం గాలం. మీలో సగం మందికి తెలుసు, మిగతా సగం మంది నా చేతి వాసన వల్ల అనుమానపడే ఉంటారు. పడవ లేదు, తెడ్డు లేదు, ఇంజను లేదు. ఖాళీ నీళ్ల బాటిలుకి చుట్టిన నైలాన్ దారం, చివర ఓ బరువు, దానికి జానెడు పైన కొక్కెం, కొక్కేనికి రొయ్య ముక్క. ఒడ్డున రాయి మీద నిలబడి విసరడం, చూపుడు వేలి మీద దారం ఆనించుకుని నిలబడడం. మొత్తం పెట్టుబడి మన సభ్యులు వేసుకునే వాకింగ్ బూట్ల లేసుల ఖరీదు ఉంటుంది.

ఈ రోజు ప్రపంచ మత్స్యకార దినోత్సవం. హార్బరు దగ్గర సభలు పెడతారు, బోట్ల గురించి, డీజిలు గురించి మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. అయితే పడవ లేనివాడి వేట గురించి ఎవరూ మాట్లాడరు. వాడికి సంఘం లేదు, జెండా లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో మరపడవలకీ, ఇంజను కట్టిన తెప్పలకీ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మంచిదే. ఆ రెండు నెలలూ పాలెంలో చాలా ఇళ్లలో కూరంటే ఈ రాళ్ల మీద నుంచి గాలానికి పడ్డదే. ఇది కాలక్షేపం అన్న మాట వాళ్ల దగ్గర అనకండి. నాకు కాలక్షేపం, వాళ్లకి పూట.

నాకిది ఎలా అంటుకుందో చెప్పాలి. 1998లో నా ఏడో తరగతిలో ఒక గుంటడు వారానికి మూడు రోజులు బడికి వచ్చేవాడు కాదు. లెక్కల్లో మాత్రం మొదటి వరసలో ఉండేవాడు. పేరు చెప్పను, చెబితే సిగ్గుపడతాడు. ఒక గురువారం బెత్తం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాను. అప్పటికి ఇక్కడ పార్కు లేదు, ఈ రంగు లైట్లు లేవు, సరుగుడు చెట్లు, రాళ్లు, అంతే. వాడు రాతి మీద నిలబడి ఉన్నాడు, నా వైపు తిరగలేదు. నేను చెప్పులతోనే పక్క రాయి ఎక్కబోయాను.

"ఆ రాయెక్కకండి మాస్టారూ. తడిగుంది సూడండి. తడుందంటే కెరటం అక్కడిదాకా వొచ్చినట్టే."

నేను ఆగిపోయాను. బెత్తం చేతిలోనే ఉంది. ఆ మాట ఇప్పటికీ నాకు తెలిసిన అన్ని జాగ్రత్తల్లో మొదటిది. ఒడ్డుకి రాగానే దారం తీయకూడదు, ముందు పావుగంట కూర్చుని సముద్రాన్ని చూడాలి. చిన్న కెరటాలు వరసగా వచ్చి వచ్చి ఉన్నట్టుండి రెండు మూడు పెద్దవి వస్తాయి. అవి ఎక్కడిదాకా తడిపాయో ఆ గీతకి ఇవతలే మన కాళ్లుండాలి. పచ్చగా నిగనిగలాడే పాచి మీద కాలు పెట్టకూడదు. పడ్డ చేప కోసం వంగినప్పుడు కూడా సముద్రానికి వీపు పెట్టకూడదు. ఇక్కడ గాలి లేకుండా, మబ్బు లేకుండా ఉన్న రోజున కూడా ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల, దక్షిణ మహాసముద్రంలో లేచిన పొంగు మన ఒడ్డుకి వచ్చి కొడుతుంది. ఆ హెచ్చరికలు ఇచ్చేది ఇన్‌కాయిస్, సముద్ర సమాచార కేంద్రం. అది ఎక్కడుందో తెలుసా? హైదరాబాదులో! సముద్రం లేని ఊళ్లో కూర్చుని మనకి కెరటం కబురు చెబుతారు. నవ్వొచ్చినా, ఫోనులో ఆ కబురు చూడకుండా రాయెక్కకండి.

సరే, ఆ రోజుకి వద్దాం. వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచాను, వాడు దారం నా వేలికి తగిలించాడు. "కెరటం లాగితే మెల్లగా సాగుతాది. సేప లాగితే టక్కుమని కొడతాది. కొట్టగానే లాగీకండి, ఒకటి ఒగ్గీండి, రెండోదానికి లాగండి." పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత కొట్టింది. ఆ దెబ్బ వేలి చివర కాదండీ, మోచేతిలో తెలిసింది. రెండోసారి కొట్టగానే లాగాను. బారెడు బారెడు లాగుతుంటే బూడిద రంగులో, మీసాలతో, జానెడు జెల్ల. నా జీవితంలో మొదటి చేప. బెత్తం ఎక్కడ పడిందో తెలియదు. ఆనందం పట్టలేక చేత్తో పట్టేసుకున్నాను.

జెల్లకి మూడు ముళ్లుంటాయి, వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు. మూడు ముళ్లనగానే నవ్వకండి, ఇవి వేరే. వాటికి విషం ఉంటుంది. బొటనవేలి కింద దిగబడింది. ముందు చురుక్కుమంది, తర్వాత చెయ్యంతా మంట, భుజం దాకా పాకింది. ముప్ఫై నాలుగేళ్ల లెక్కల మాస్టారు రాతి మీద కూలబడి ఏడుపు ఆపుకుంటున్నాడు. వాడు ముందు చేప తలని కాలి చెప్పుతో తొక్కిపట్టి, రాయితో మూడు ముళ్లూ విరగ్గొట్టి, కొక్కెం తీసి, సంచిలో వేసుకున్నాడు. ఆ తర్వాత నా సంగతి చూశాడు. టీ బడ్డీకి లాక్కెళ్లి "బేగి వేన్నీళ్లు పోయి మావా, మాస్టారికి జెల్ల కుట్టింది" అన్నాడు. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట చెయ్యి ముంచి కూర్చోబెట్టాడు. ఆ విషం వేడికి విరిగిపోతుంది. మీకెవరికైనా జెల్ల గుచ్చినా, టేకు చేప తోక ముల్లు తగిలినా ముందు చెయ్యాల్సింది ఇదే, నెత్తురు కడుక్కుని, వేడి నీళ్లు. తర్వాత ఆస్పత్రికి వెళ్లండి, ముల్లు లోపల విరిగి ఉండొచ్చు.

అరగంట చెయ్యి గిన్నెలో ఉంటే వేరే పనేముంది? అడిగాను. రేపు ఎన్ని గంటలకి వస్తావురా? "ఇయాల తొమ్మిదికి పోటు నిండింది కదండీ. రేపు రెండు గడియలు లేటు." ఎవరు చెప్పార్రా? "మా మామ్మ."

నేను ఆ రాత్రి కాగితం మీద వేసి చూశాను. గడియంటే 24 నిమిషాలు. రెండు గడియలు 48. చంద్రుడు రోజుకి సగటున యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, పోటు ఆయన వెనకాలే నడుస్తుంది. గడియారం లేని ముసలమ్మకి తేడా రెండు నిమిషాలు! మర్నాడు బళ్లో ఆ లెక్క నల్లబల్ల మీద వేశాను. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, నీళ్లు వెనక్కి తీసే పాటు కూడా పెద్దదే. అష్టమి దగ్గర నీళ్లు బద్ధకిస్తాయి. ఎక్కే పోటులో రాళ్ల సందుల్లోకి నీళ్లు వస్తాయి, పీతలు, చిన్న రొయ్యలు బయటపడతాయి, వాటి కోసం చేప ఒడ్డు దగ్గరికొస్తుంది. తెల్లవారుజామునో, పొద్దు వాలాకో ఆ పోటు కలిస్తే ఇక చూడండి. మన ముందున్న ఇసుకకీ రాళ్లకీ మధ్య ముదురు రంగులో ఓ గాడి కనిపిస్తోందా? ఆ కొబ్బరిచెట్టుకి ఎదురుగా. అందులోకి విసరాలి. అందరూ బలం కొద్దీ దూరం విసురుతారు, చేప వాళ్ల కాళ్ల దగ్గరుంటుంది. బొంత చేపలు పడతాయి, జెల్లలు సరేసరి, అదృష్టం బాగుంటే పండుగప్ప. నాకు పండుగప్ప ఇరవై ఏడేళ్లలో నాలుగే పడ్డాయి. అయిదోది పడిందని మా ఆవిడతో చెప్పాను, అది బజారులో కొన్నది.

అధ్యక్షులు వాచీ చూస్తున్నారు. అసలు విషయానికి ఇంకా రాలేదండీ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. సరుగుళ్లన్నీ ఒక్క రోజులో పోయాయి. తర్వాత ఇక్కడ పార్కు వేశారు, రెయిలింగు, పచ్చిక, సెల్ఫీ అక్షరాలు. బాగుంది, నేనూ నడుస్తాను, కాదనను. సముద్రం చూడ్డానికి జనం వస్తే మంచిదే. 2020 అక్టోబరులో మన విశాఖ తెన్నేటి పార్కు దగ్గరికి బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొస్తే ఊరంతా తిరనాళ్లలా వెళ్లలేదూ? దాన్ని చూడ్డానికి నేనూ మూడుసార్లు వెళ్లాను. ఒడ్డుకి వచ్చిన ఓడతో ఫొటో దిగుతాం. ఒడ్డున నిలబడ్డ వేటగాడు మాత్రం మన ఫొటోలో అడ్డం.

2016లో, ఒక ఆదివారం పొద్దున. ఇదిగో, ఆ మూడో బెంచీ మీద నేనూ, ఇద్దరు మిత్రులూ కూర్చున్నాం. వాళ్ల పేర్లూ చెప్పను, ఒకాయన ముందు వరసలోనే ఉన్నారు. రాళ్ల మీద నా శిష్యుడు. అప్పటికి ముప్ఫై ఏళ్లవాడు. గుజరాత్‌లో వెరావల్ వెళ్లి బోటు మీద పని చేసేవాడు, మన ఉత్తరాంధ్ర వాళ్లు ఎంతమంది అలా వెళ్తారో మీకు తెలుసు. నెలల తరబడి సముద్రం మీదుండి ఇంటికొచ్చినవాడు మళ్లీ గాలం పట్టుకుని రావడమేమిట్రా అని అంతకుముందు అడిగితే, "బోటు మీద పడ్డది షావుకారుదండీ, దీనికి పడ్డది నాది" అన్నాడు.

ఈల వినిపించింది. కాపలా కుర్రాడు రెయిలింగు దగ్గర నిలబడి ఊదుతున్నాడు. దిగిరా అన్నాడు. ఇక్కడ చేపలు పట్టకూడదు, బోర్డు చదువుకోలేదా అన్నాడు. వాడు దిగొచ్చాడు. కుర్రాడు బాటిలు లాక్కున్నాడు, దారం కోసేశాడు. కవర్లో రెండు బొంతలుంటే, ఒకటి ఇంకా కొట్టుకుంటోంది, ఆ కవరు చెత్తబుట్టలో వేశాడు. నీళ్లలో కాదండీ. చెత్తబుట్టలో.

నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. తెల్ల బూట్లు వేసుకుని ఉన్నాను. నా పక్కాయన "వీళ్ల వల్లే పార్కంతా కంపు" అన్నారు. నేను ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాను. అందులో ఏముందో నాకు గుర్తులేదు. వాడు ఒక్కసారి నా వైపు చూశాడు. "మాస్టారూ" అని పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు, పిలిస్తే నాకు పరువు తక్కువని అనుకున్నాడేమో! చెప్పులు చేత్తో పట్టుకుని గేటు వైపు వెళ్లిపోయాడు.

ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టడం లేదు. పదో పన్నెండో వేలకి పన్నెండు గంటలు నిలబడేవాడు, చెప్పింది చేశాడు. నేను మాట్లాడేది బెంచీ మీదున్నవాడి గురించి. ఆ తర్వాత నేను చాలా నెలలు ఈ పార్కుకి రాలేదు. మోకాలి నొప్పి అని మీకు చెప్పాను. మోకాలు బాగానే ఉంది.

ఎదుటి పక్షం వాదన కూడా చెప్పాలి కదా, లెక్కల మాస్టార్ని. కొక్కేలు ఇసుకలో వదిలేస్తే పిల్లల కాళ్లలో దిగుతాయి, నిజం. వెనక మనిషి ఉన్నాడో లేడో చూడకుండా విసిరేవాళ్లున్నారు, నిజం. ఇంకోటి నా మీదే ఉంది. ఒక ఫిబ్రవరిలో తెల్లవారుజామున ఇక్కడే ఆలివ్ రిడ్లే తాబేలు చచ్చి పడి ఉంది. జనవరి నుంచి అవి గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకి వస్తాయి, ట్రాలర్ల వలల్లో ఊపిరాడక చచ్చేవే ఎక్కువ. దీని ముందు రెక్కకి మాత్రం నైలాన్ దారం నాలుగు చుట్లు బిగిసి, చర్మం కోసుకుపోయి ఉంది. ఆకుపచ్చ దారం. నేను కొనేదీ ఆకుపచ్చదే. రాళ్లలో చిక్కిన దారాన్ని పుటుక్కున తెంపి ఎన్నిసార్లు వదిలేశానో నాకు తెలుసు. అది నాదేనా? చెప్పలేను. ఆ రోజు నుంచి బరువుని మామూలు కుట్టుదారంతో కడుతున్నాను. రాయికి చిక్కితే కుట్టుదారం మాత్రం తెగి బరువు ఒక్కటే పోతుంది, నైలాన్ మొత్తం చేతికొస్తుంది. సీసం కూడా మానేశాను, మెకానిక్ షెడ్లో పాత నట్లు అడిగి తెచ్చుకుంటాను. ఎవరి దారం కనబడినా ఏరి జేబులో వేసుకుంటాను. మా ఆవిడ వాషింగ్ మెషీన్ రెండుసార్లు రిపేరుకొచ్చింది అందువల్లే. ఈ రోజే ఒప్పుకుంటున్నాను, ఆవిడ ఇక్కడ లేరు.

కాబట్టి నేను అడిగేది బోర్డు పీకేయమని కాదు. ఆ ఉత్తరం వైపు రాళ్లు, కొబ్బరిచెట్టు నుంచి గోడ దాకా ఓ అరవై అడుగులు, స్నానాలు చేసేవాళ్లు రానిచోటు. పొద్దున ఎనిమిది దాకా, సాయంత్రం అయిదు తర్వాత అక్కడ గాలానికి వదలమనండి. తెగిన దారాలు వెయ్యడానికి ఓ డబ్బా పెట్టమనండి. తాడు కట్టిన గాలి ట్యూబు ఒకటి రెయిలింగుకి వేలాడదియ్యమనండి, ఎవడైనా జారితే విసరడానికి. ఇప్పుడు జారితే విసరడానికి మన దగ్గర ఈల ఒక్కటే ఉంది. అర్జీ నేనే రాశాను, ఒకటిన్నర పేజీ. ఇదుగో, ముందు వరస నుంచి వెనక్కి పంపుతున్నాను. పెన్ను తిరిగి ఇవ్వండి, పోయినసారి పోయింది.

కార్యదర్శిగారూ, మీరు కూడా పెట్టాలి. ఆ రోజు బెంచీ మీద నా పక్కన ఎవరున్నారో నేను చెప్పనన్నాను, చెప్పలేదు కూడా.

వెనక వరసలో, చివర కుర్చీలో, నీలం చొక్కా. పొద్దున నేనే ఫోను చేసి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు, ఉప్మా పెడతారురా రా అన్నాను. ఒరేయ్, అలా లేచి వెళ్లిపోకు, కూర్చో. కాగితం నీ దాకా వస్తుంది. నీ సంతకం నా సంతకం కంటే పైన ఉండాలని పైన ఓ గీత ఖాళీ వదిలాను.

పోటు ఇంకా ఎక్కుతూనే ఉంది, గంట టైముంది. రొయ్యలు నా సైకిలు సంచిలో ఉన్నాయి.