కరెంటు లైను లేని స్నేహితుడింటికి ఈ పవర్ స్టేషన్ పనికొస్తుందా?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ పవర్ స్టేషన్‌ని, అంటే ప్లగ్గులున్న ఈ బ్యాటరీ పెట్టెని, కంపెనీ వాళ్ళే రివ్యూకి ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, స్క్రిప్టు వాళ్ళకి చూపించలేదు. 512 వాట్-అవర్ల (512 వాట్ల వస్తువుని గంటసేపు నడిపేంత) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, తోడుగా 100 వాట్ల మడత సోలార్ ప్యానెల్. మిగతా స్పెక్స్ మీరు ఇప్పటికే చూసే ఉంటారు, మళ్ళీ చదవను. ఇవాళ ఒక్క పనికే దీన్ని పరీక్షిద్దాం. కరెంటు లైను లేకుండా, సొంత ప్యానెళ్ళ మీదే గడుపుకొస్తున్న స్నేహితుడింటికి నాలుగు రోజులు వెళ్తున్నాం. మన భారం ఆయన బ్యాటరీ మీద పడకూడదు.

ఎందుకంటారా? ఆయన దగ్గర 12 వోల్టుల, 200 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉందనుకోండి. కాగితం మీద 2400 వాట్-అవర్లు. మాటిమాటికీ సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు తరిగిపోతుంది కాబట్టి, వాడుకోదగ్గది 1200. అందులో మనం వెళ్ళి ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టామనుకోండి. లీటరు నీళ్ళు మరగడానికి పట్టేది 100 వాట్-అవర్ల చిల్లర, అదేం పెద్ద ఖర్చు కాదు. కానీ 1500 వాట్ల కెటిల్ అంటే 12 వోల్టుల దగ్గర 125 ఆంపియర్లు, ఇన్వర్టర్ నష్టం కలిపితే 140 వరకూ పోతుంది. ఒక్కసారిగా అంత లాగేసరికి వోల్టేజి పడిపోతుంది. బ్యాటరీలో చార్జి ఉన్నా, వోల్టేజి తక్కువైందని ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది (లో-వోల్టేజి కటాఫ్), ఇల్లంతా చీకటి. హెయిర్ డ్రైయర్, ఇస్త్రీపెట్టెలది కూడా ఇదే కథ. నీళ్ళు పొయ్యి మీదే కాచుకోండి.

ఇక ఈ పెట్టె సంగతి. ముందు భాగంలో ఏసీ బటన్ (గోడ ప్లగ్గులో వచ్చేలాంటి కరెంటుకి) ఉంది చూడండి, నా గొడవంతా దాంతోనే. అది నొక్కగానే లోపలి ఇన్వర్టర్ మేలుకుంటుంది. ఏ ప్లగ్గూ పెట్టకపోయినా 11 వాట్లు తింటూ ఉంటుంది. రాత్రి తొమ్మిదికి ఆన్ చేసి మర్చిపోతే పొద్దున ఏడుకి 110 వాట్-అవర్లు గాలికి పోయినట్టే. అంటే బ్యాటరీలో ఐదో వంతు పైన! ఫోను ఒకసారి నిండటానికి 20 కూడా పట్టదు, దాంతో పోల్చుకోండి. రోజంతా వదిలేస్తే 264, సగం బ్యాటరీ హాం ఫట్.

అందుకని ఏసీ జోలికే పోకండి. లాప్‌టాప్‌ని ఏసీ ప్లగ్గులో పెడితే బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటు ముందు ఏసీ అవుతుంది, అడాప్టర్ దాన్ని మళ్ళీ డీసీ చేస్తుంది. రెండు చోట్లా వేడి రూపంలో కొంత పోతుంది. నేరుగా 100 వాట్ల టైప్-సీ పోర్టు నుంచి పెడితే ఆ రెండూ తప్పుతాయి. రాత్రికి 5 వాట్ల యూఎస్‌బీ బల్బు చాలు. ఐదు గంటలు వెలిగినా 25 వాట్-అవర్లే.

ఏసీని దానంతట అదే ఆపేసే టైమర్ ఉంది కదా అంటారా? ఉంది, ఫోను యాప్‌లో! ఆ యాప్ మొదటిసారి తెరుచుకోవాలంటే ఇంటర్నెట్‌తో లాగిన్ కావాలి. సిగ్నల్ లేని చోటికి తీసుకెళ్ళే వస్తువుకి ఇలాంటి తాళమా? దీనికన్నా ముందు వచ్చిన మోడల్లో ఇదే పనికి వెనకాల చిన్న స్లైడ్ స్విచ్ ఉండేది, వేలితో జరిపితే పనైపోయేది. దాన్ని తీసేశారు. గోడ ప్లగ్గు నుంచి చార్జింగ్ వేగం తగ్గించడం కూడా యాప్‌లోనే. మామూలుగా ఇది 400 వాట్లు లాగుతుంది. స్నేహితుడి చిన్న ఇన్వర్టర్‌కి అది మోయలేని బరువు. కాబట్టి బయల్దేరే ముందే ఇంట్లో లాగిన్ చేసి, టైమర్ 30 నిమిషాలకీ, చార్జింగ్ 100 వాట్లకీ పెట్టుకోండి.

ఎప్పుడైనా ఆయన కరెంటే వాడాల్సి వస్తే రాత్రి అడగొద్దు. ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నానికి ఆయన బ్యాటరీ నిండి, చార్జ్ కంట్రోలర్ (ప్యానెళ్ళ నుంచి బ్యాటరీకి వెళ్ళే కరెంటుని అదుపు చేసే పరికరం) ఫ్లోట్‌లోకి, అంటే నిండిన బ్యాటరీకి కొద్దిగానే కరెంటు పంపే దశలోకి వెళ్తుంది. అప్పుడు ప్యానెళ్ళు ఇవ్వగలిగిన దాంట్లో చాలా భాగం వాడేవాళ్ళు లేక ఊరికే పోతుంది. మీరు తీసుకోవాల్సింది ఆ మిగులే.

ప్యానెల్ బాగుంది, అది ఒప్పుకోవాలి. 100 వాట్లని రాసుంటుంది గానీ అది ప్యానెల్‌లోని సెల్స్ 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి లెక్క. ఎండలో సెల్ 60 డిగ్రీలకి చేరితే పన్నెండు శాతం దాకా అక్కడే పోతుంది. 70 వాట్లు వస్తే సంతోషించండి. ఐదు గంటల మంచి ఎండకి 350 వాట్-అవర్లు. పొద్దుట తూర్పుకి, సాయంత్రం పడమరకి తిప్పుతూ ఉండండి. ఒక మూల కొమ్మ నీడ పడ్డా దెబ్బే. సెల్స్ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి నీడలో ఉన్న సెల్ మిగతావాటినీ ఆపేస్తుంది. పెట్టెని మాత్రం ఎండలో పెట్టకండి, ప్యానెల్ వెనక నీడలో ఉంచండి. గడ్డకట్టే చలిలో, అంటే 0 డిగ్రీల కింద, ఇది చార్జింగ్ తీసుకోదు. పాడైందని కంగారు పడొద్దు, బ్యాటరీ సెల్స్‌ని కాపాడటానికి లోపలి సర్క్యూటే ఆపుతుంది.

బ్యాటరీ గట్టిది, ప్యానెల్ నిజాయితీగా పనిచేస్తుంది. అయినా ఈ పనికి నేను దీన్ని కొనమని చెప్పలేను. పాత మోడల్ ఇంకా దొరుకుతుంటే అదే తీసుకోండి. కంపెనీ వాళ్ళు ఈ వీడియో చూస్తుంటే, ఆ స్లైడ్ స్విచ్ వెనక్కి ఇచ్చేయండి, ఇదే పెట్టెకి మళ్ళీ రివ్యూ చేస్తాను.