జామాయిల్ తోటలో కట్టె తోలే ట్రాక్టరుకి టైర్లు

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్లు కాస్త ముందుకి రండి, నాకు మైకులో మాట్లాడే అలవాటు లేదు. నేను ఇంజనీర్ని కాదు, జామాయిల్ తోటల్లోంచి రోడ్డు దాకా, ఒక్కోసారి సారపాక పేపర్ మిల్లు దాకా కట్టె తోలుకునే వాణ్ణి, అంతే. టైర్ల మీద బాగా డబ్బులు పోగొట్టుకున్నా కాబట్టి నన్ను మాట్లాడమన్నారు అనుకుంటున్నా.

మొదటి తప్పు చెప్తా. ఒక వానాకాలం నల్లరేగడిలో బండి రోజూ దిగబడుతుంటే షాపాయన దమ్ము టైర్లు వేసుకో, బురదకి తిరుగుండదు అన్నాడు, సరే అని వేయించా. ఆ టైర్లకి గట్లు, అంటే పైన పళ్లలా లేచి ఉండే రబ్బరు, మామూలు టైరు కంటే దాదాపు రెండింతలు ఎత్తు ఉంటాయి, వరి మళ్లల్లో దమ్ము చెయ్యడానికి చేసినవి, ఆ పనికి వాటిని మించినవి లేవు. కానీ మన బండి తోటలో తిరిగేది ఎంత, తారు రోడ్డు మీద తిరిగేది ఎంత? లోడుతో రోడ్డెక్కితే ఆ ఎత్తు గట్లు పక్కలకి ఊగి ఊగి అరిగిపోతాయి, ఒక్క సీజన్‌కే నావి సగం పోయాయి. పోనీ తోటలో అన్నా బాగుందా అంటే, చక్రం జారడం మొదలైందంటే ఆ గట్లు బోరింగు వేసినట్టు తవ్వుకుంటూ పోతాయి, రెండు నిమిషాల్లో వెనక యాక్సిల్ హౌసింగ్ నేలకి ఆనుతుంది. కట్టె లాగే బండికి వెడల్పు గట్లుండే మామూలు టైరే నయం, రోడ్డూ పొలమూ రెండూ ఉన్నోళ్లకి గట్లు కొంచెం ఎత్తు ఎక్కువుండేది దొరికితే ఇంకా మంచిది. విదేశాల్లో పెద్ద దుంగలు లాగే బండ్లకి లోపల ఇనప వైర్లు పెట్టిన అడవి టైర్లు వేరే ఉన్నాయి, ఎల్‌ఎస్-2 అని రాసుంటుంది, మన 45 హెచ్‌పీ బండికి వాటి బరువూ ఖర్చూ దండగ.

ఇప్పుడు అసలు సంగతి. మనం బురదకి భయపడతాం గానీ జామాయిల్ తోటలో టైరుని చంపేది మోడు. మళ్లీ పిలకలు రావాలని మోడుని నేలకి దగ్గరగా ఏటవాలుగా నరుకుతారు కదా, ఆ అంచు కత్తి లాగా ఉంటుంది, వాన పడ్డాక గడ్డిలో కనపడదు. వరసకీ వరసకీ 3 మీటర్లు ఉన్నా ట్రాలీ తిప్పేటప్పుడు వెనక టైరు పక్కభాగం దాన్ని ఒరుసుకునే పోతుంది. రేడియల్ టైరు, అంటే లోపలి దారాలు అడ్డంగా నేరుగా పోయేది, నేల మీద ఎక్కువ పరుచుకుంటుంది, పట్టు బాగుంటుంది, రోడ్డు మీద కూడా హాయి, అదంతా నిజమే, కానీ దాని పక్కభాగం పల్చన, మోడు తగిలితే చీలుతుంది, పెద్ద చీలిక ప్యాచికి నిలవదు. అందుకని మోళ్ల తోటలో తిరిగే బండికి నా ఓటు దారాలు ఏటవాలుగా అల్లిన నైలాన్ టైరుకే, అదీ 12 ప్లై ఉన్నది. ప్లై అంటే లోపల అన్ని పొరలు ఉన్నాయని కాదు, అంత బరువు ఓర్చుకుంటుందని లెక్క. మోళ్లు లేని చేలల్లో తిరిగేవాళ్లయితే రేడియల్ కొనుక్కోండి, నేనేం అడ్డు చెప్పను.

సైజు సంగతి. 13.6-28 అంటే 13.6 ఇంచీల వెడల్పు, 28 ఇంచీల రిమ్ము. అదే రిమ్ము మీద 14.9 వెడల్పు టైరు ఎక్కిద్దాం అంటారు, ఎక్కించొచ్చు, రిమ్ము వెడల్పు సరిపోతుందో, మట్టి పట్టాక మడ్‌గార్డుకి తగలదో చూసుకుని. ఫోర్ వీల్ బండికి మాత్రం వెనకవి ఒక్కటే మార్చకండి, ముందు చక్రం వెనక చక్రం లెక్క కలిపి గేర్లు చేసుంటాయి, అది తప్పితే ముందు యాక్సిల్ మీద పడుతుంది.

గాలి గురించి ఎవరూ వినరు. రోడ్డుకి పెట్టిన గాలితోనే తోటలోకి దిగుతాం. బురదలో కంపెనీ బుక్కులో పొలానికి రాసినంతకి, చాలా బండ్లకి అది 12 పాయింట్ల (పీఎస్ఐ) దగ్గర ఉంటుంది, దించితే టైరు పరుచుకుని దిగబడేది తగ్గుతుంది, లోడుతో రోడ్డెక్కే ముందు మళ్లీ పెంచాలి. మరీ తగ్గిస్తే రిమ్ము మీద టైరు తిరిగిపోయి ట్యూబు వాల్వు తెగుతుంది, నాకు రెండు సార్లు తెగింది. బరువు కోసం టైరులో నీళ్లు పట్టిస్తే వాల్వు పైన ఉంచి వాల్వు దాకానే, ముప్పావు వంతు, పైన గాలి ఉండాలి. 13.6-28లో ఒక్కోదానికి దాదాపు 200 లీటర్లు పడతాయి, అంత బరువు వెనక పెట్టినప్పుడు, పైగా రెండు చక్రాల ట్రాలీ హుక్కు మీద కూర్చుంటే, ముందుకి వెయిట్లు వెయ్యకపోతే స్టీరింగ్ చేతికి రాదు.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. బండి దిగబడ్డప్పుడు వెనక చక్రాలకి అడ్డంగా దుంగ కట్టి గేరు వేస్తారు చూడండి, దయచేసి ఆ పని చెయ్యకండి. చక్రం తిరగలేక ఆగిపోతే ఇంజన్ బలం ఊరుకోదు, బండినే యాక్సిల్ చుట్టూ తిప్పుతుంది, ముందు చక్రాలు లేస్తాయి, డ్రైవరు క్లచ్ తొక్కేలోపే బండి వెనక్కి పడిపోతుంది. గొలుసు కూడా బండి వెనక పైన ఉండే టాప్ లింక్ దగ్గర కట్టొద్దు, అదీ ఇంతే, కింద లాగే కడ్డీ, అదే డ్రాబార్‌కే కట్టాలి. ఒక్క చక్రమే జారుతుంటే రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్ తొక్కి నేరుగా రండి, తిప్పకండి. దానికీ రాకపోతే హుక్కు తీసి ట్రాలీ అక్కడే వదిలేసి బండి బయటికి తీసుకోండి, గట్టి నేల మీద నించి గొలుసుతో లాగండి. దారిలో కొమ్మా రొట్టా పరిస్తే ముందే సగం పని అవుతుంది, కట్టె నించి ఒలిచిన తొక్క మాత్రం వెయ్యకండి, పచ్చి తొక్క సబ్బు లాగా జారుతుంది.

కొనేటప్పుడు టైరు మీద నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం చేసిందని. బిగించేటప్పుడు బాణం గుర్తు ముందుకి తిరగాలి, వెనక నించి చూస్తే గట్ల కొన పైకి ఉండాలి, తలకిందులు బిగిస్తే మట్టి విడవదు. మా ఊళ్లో ఒకాయన ఏడాది పాటు తలకిందులు బిగించుకుని కంపెనీని తిట్టాడు.

నా బండి బయటే ఉంది, మోడుకి చీలిన పాత టైరు కూడా ట్రాలీలో వేసుకొచ్చా, టీ తాగేటప్పుడు చెయ్యి పెట్టి చూడండి, రేట్లు అక్కడే అడగండి.