మూడు స్వరాల దగ్గర ఇంకాస్త ఆగుదాం

అందరికీ నమస్కారం.

చిన్నపిల్లలకు రికార్డర్, అంటే నిలువుగా పట్టి ఊదే వేణువులాంటి వాద్యం, నేర్పుతున్నవారు, కొత్తగా నేర్పబోతున్నవారు ఇక్కడ ఉన్నారు. మీతో ఒక మాట గట్టిగా చెప్పాలని వచ్చాను. తరగతి మొత్తం ఒకేసారి ఊదినప్పుడు చెవులు మూసుకోవాలనిపించే ఆ కీచు శబ్దం రికార్డర్ గుణం కాదు. పిల్లల అల్లరీ కాదు. ఒక స్వరం కుదురుకోకముందే మనం తర్వాతి స్వరానికి వాళ్లను పరుగెత్తిస్తున్నాం. ఆ తొందరే అలా వినిపిస్తోంది.

ఈ వాద్యాన్ని ఆటబొమ్మగా చూసేవాళ్లకు దీని చరిత్ర కొంచెమైనా తెలియాలి. బాఖ్, హాండెల్, టెలిమన్ లాంటి పేరున్న ఐరోపా స్వరకర్తలు దీనికోసం సంగీతం రాశారు. 18వ శతాబ్దంలో వాద్యబృందాలు పెద్దవవుతున్నకొద్దీ, ఇంతకన్నా గట్టిగా మోగే, అడ్డంగా పట్టి ఊదే అడ్డఫ్లూటు దీని చోటు తీసుకుంది. ఆ తర్వాత చాలాకాలం దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇంగ్లండులో పాతకాలపు వాద్యాలు తయారుచేసే ఆర్నాల్డ్ డోల్‌మెచ్ 1919లో మళ్లీ రికార్డర్ తయారుచేశాడు. 1937లో ఆయన కుమారుడు కార్ల్, ఎడ్గర్ హంట్ కలిసి రికార్డర్ వాదకుల సంఘాన్ని స్థాపించారు. బడుల్లోకి ఇది రావడానికి హంట్ చేసిన కృషి చాలా ఉంది. ప్లాస్టిక్ రికార్డర్లు వచ్చాక ప్రతి పిల్లవాడి చేతికీ అందింది. వాద్యం అందినంత సులువుగా దాన్ని నేర్పే ఓపిక మాత్రం మనకు అందలేదని నా బాధ.

అసలు చిక్కంతా దీని సౌలభ్యంలోనే ఉంది. అడ్డఫ్లూటు ఊదేవాళ్లు పెదవులతో గాలిని అంచుకు గురిపెట్టడం నేర్చుకోవాలి. రికార్డర్‌లో ఆ పనిని మూతి భాగంలోని సన్నని గాలిదారే చేసిపెడుతుంది. అందుకే ఎవరు ఊదినా మొదటి నిమిషంలోనే మోగుతుంది, పిల్లవాడు తనకు వచ్చేసిందనుకుంటాడు. కానీ ఊపిరి జోరు పెరిగితే శ్రుతి పైకి జరుగుతుంది, ఇంకా పెరిగితే స్వరం విరిగి పై స్థాయికి ఎగిరిపోతుంది. గట్టిగా వినిపించాలంటే గట్టిగా ఊదాలన్న సహజమైన తర్కం ఇక్కడ చెల్లదు. ఈ సంగతి వాళ్ల చెవికి తెలియాలి, మనం చెబితే సరిపోదు.

అందువల్ల మొదటి తరగతిలో వాద్యమంతా ఇవ్వకండి. విడదీస్తే వచ్చే మూడు భాగాల్లో పై భాగం ఒక్కటే ఇవ్వండి. కింది చివరను అరచేత్తో మూస్తే లోతైన ధ్వని వస్తుంది, తెరిస్తే పైధ్వని. మీరు ఒక వరుస ఊదండి, వాళ్లు తిరిగి ఊదుతారు. అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు ఊపిరి ఎంత నెమ్మదిగా, వెచ్చగా వస్తుందో అంతే చాలని చెప్పండి. ప్రతి స్వరాన్నీ నాలుకతో మొదలుపెట్టడం కూడా ఇక్కడే అలవాటు కావాలి. గొంతు పెట్టకుండా ‘దు’ అని గుసగుసలాడినట్టు. ‘హు’ అని పొట్టలోంచి తోస్తే స్వరం మొదట్లోనే జారిపోతుంది. గనాస్సి అనే వెనిస్ వాదకుడు 1535లోనే రికార్డర్ వాదనపై పాఠం రాస్తూ, వాద్యం మనిషి గొంతును అనుకరించాలని చెప్పాడు. అంత పాత సలహా ఈనాటి ఎనిమిదేళ్ల పిల్లకూ నేరుగా పనికొస్తుంది. పాడి చూపించి, అదే వరుసను ఊదమంటే వాళ్ల ఊపిరి దానంతటదే మెత్తబడుతుంది.

ఇక వేళ్లు. ఎడమ చేయి పైన, కుడి చేయి కింద. ఎడమచేతి వాటం ఉన్న పిల్లలకూ ఇదే పద్ధతి. పాతకాలపు రికార్డర్లలో చిటికెన వేలికి రెండు వైపులా రెండు రంధ్రాలుండేవి, వాడనిదాన్ని మైనంతో మూసేవారు. కాబట్టి అప్పట్లో ఏ చేతినైనా పైన పెట్టుకునే వీలుండేది. ఇప్పటి వాద్యాలు సాధారణంగా ఎడమ చేయి పైన ఉండేలానే వస్తున్నాయి. రెండు చేతులకూ సమానంగా పని ఉంది కాబట్టి ఎడమచేతి వాటం వాళ్లకు నష్టమేమీ లేదు.

పాశ్చాత్య సంగీతంలో స్వరాలకు అక్షరాలే పేర్లు. మొదటి స్వరం బీ: వెనక బొటనవేలు, ముందు చూపుడు వేలు. మధ్య వేలు చేరిస్తే ఏ, ఉంగరపు వేలు కూడా చేరిస్తే జీ. పిల్లలు వేలి కొసతో మూయాలని చూస్తారు. మూయాల్సింది కొస వెనకున్న మెత్తని భాగంతో. ఒక్కసారి కాస్త అదిమి పట్టి, వేలు తీసి చూసుకోమనండి. చర్మం మీద రంధ్రం అచ్చు పడి ఉంటుంది. నిండు వలయం కనిపిస్తే వేలు సరైన చోట ఉన్నట్టు. ఒక పక్క తెగి ఉంటే అక్కడినుంచే గాలి పోతోంది. పిల్లలు తమ తప్పును తామే కళ్లతో చూసుకుంటారు, మీరు కోప్పడాల్సిన పని ఉండదు. అచ్చు చూసుకున్నాక వేళ్లు మళ్లీ తేలికపడాలి, ఎప్పుడూ అలా అదిమి పట్టకూడదు.

ఈ మూడు స్వరాల దగ్గరే ఆగమని నా విన్నపం. కొత్త స్వరం నేర్పితేనే పాఠం ముందుకు సాగినట్టు అనుకుంటాం. కానీ మూడు స్వరాల్లో ఎంత పని ఉందో చూడండి. సగం తరగతి జీ స్వరాన్ని సాగదీసి ఊదుతుంటే, మిగతా సగం బీ, ఏల మధ్య నడవవచ్చు. అప్పుడు పక్కవాళ్లను వినక తప్పదు. నేను ఒక ప్రశ్నలాంటి వరుస ఊదితే, ఒక్కో పిల్లవాడు తన సొంత జవాబు ఊదవచ్చు. వాద్యాన్ని గడ్డానికి ఆనించి, శబ్దం లేకుండా వేళ్లు మార్చుతూ స్వరాల పేర్లు పాడవచ్చు. ఊదే పిల్లల గోలలో మనకు అందని తప్పులు ఈ నిశ్శబ్ద సాధనలో ఇట్టే కంటపడతాయి.

కుడిచేతి స్వరాలకు వెళ్లాక ఒక చిత్రం జరుగుతుంది. ఈ, డీ స్వరాలు కీచుమంటే అందరం కుడిచేతి వేళ్లనే సరిచేస్తాం. చాలాసార్లు జారింది ఎడమచేతి ఉంగరపు వేలో, వెనకున్న బొటనవేలో అయి ఉంటుంది. పిల్లవాడి ధ్యాసంతా కొత్త వేళ్ల మీదికి పోయి, పాత వేళ్లు సడలుతాయి. ముందు పై చేతిని చూడండి.

వాద్యాలు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. రంధ్రాల అమరికను బట్టి రికార్డర్లలో జర్మన్ అమరిక, బరోక్ అమరిక అని రెండు రకాలు. 1920లలో జర్మనీలో పీటర్ హార్లన్ ప్రవేశపెట్టిన జర్మన్ అమరికలో ఎఫ్ స్వరం సులువు, కానీ దానికి అరమెట్టు పైనుండే ఎఫ్ షార్ప్ శ్రుతిలో పలకదు. బరోక్‌లో ఎఫ్‌కు వేళ్లు కాస్త మెలిక తిరుగుతాయి, ఆ కష్టం కొన్ని వారాలే. ముందువైపు పైనుంచి నాలుగు, అయిదో రంధ్రాలను పోల్చండి. అయిదోది చిన్నదైతే అది జర్మన్ అమరిక. బరోక్‌నే ఎంచుకోండి, ముఖ్యంగా ఒకే తరగతిలో రెండు రకాలు కలవనివ్వకండి.

మధ్యలో స్వరం బొంగురుపోతే గాలిదారిలో తేమ చేరిందని అర్థం. మూతి భాగం మీదున్న కిటికీలాంటి రంధ్రాన్ని వేలితో తేలిగ్గా మూసి ఒక్కసారి గట్టిగా ఊదితే పోతుంది. లోపల ఏదీ గుచ్చనివ్వకండి, గాలి తగిలే ఆ కిటికీ అంచు దెబ్బతింటే స్వరం తిరిగి రాదు.

చివరగా, వెనక వరుసలో వేళ్లు మాత్రం ఆడిస్తూ ఊదకుండా కూర్చునే పిల్లల గురించి. వాళ్లు అల్లరి చేయరు కాబట్టి మన దృష్టి వాళ్లమీద పడదు. ప్రతి తరగతిలోనూ ప్రశ్న-జవాబు ఆటలో నలుగురైదుగురు ఒంటరిగా ఊదేలా చూడండి. మార్కులు వేయకండి, వాళ్ల పేర్లు మాత్రం రాసుకోండి. కొన్ని వారాల్లో అందరి వంతూ వస్తుంది. ఊదలేకపోయిన పిల్లవాణ్ని తరగతి అయ్యాక రెండు నిమిషాలు ఆపి, పై భాగం ఒక్కటి చేతికిచ్చి మొదటి రోజు ఆట మళ్లీ ఆడించండి. వచ్చే వారం అతని జవాబు ఒక్క బీ స్వరంతోనే ఉన్నా తీసుకోండి, దానికి మీ తర్వాతి ప్రశ్నను కలపండి.